సాయంత్రం ఏడున్నరకు చూసిన ఇల్లు: ఒక టాప్ ఫ్లోర్ ఫ్లాట్ కేస్ స్టడీ

నేను సివిల్ ఇంజనీర్‌ని. పద్దెనిమిదేళ్లు సైట్ల మీద పనిచేసి, ఇప్పుడు ఇల్లు కొనేవాళ్ల తరఫున ఇళ్లు పరిశీలించి రిపోర్టు ఇస్తున్నాను. ఈ కేసు 2024 ఏప్రిల్ చివర్లో మొదలై సుమారు ఏడాదికి ముగిసింది. ఆ కుటుంబం సరేనన్నాకే, పేర్లు లేకుండా రాస్తున్నాను.

కొనాలనుకున్నది భార్యాభర్తలిద్దరు. ఆయన గవర్నమెంటు స్కూల్లో టీచర్, ఆవిడ ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్. ఇద్దరు పిల్లలు. ఫ్లాటు హైదరాబాద్‌లో నిజాంపేట వైపు, స్టిల్ట్ (కింద పార్కింగు) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఐదోది. అంటే నెత్తిన స్లాబే. 1,250 చదరపు అడుగుల టూ బెడ్‌రూమ్, కట్టి పదకొండేళ్లు. 61 లక్షలు చెప్పారు. అదే బిల్డింగులో కింది అంతస్తుల ధర కంటే ఇది మూడు లక్షలు తక్కువ.

"టాప్ ఫ్లోర్ కదా సార్, కొంచెం వేడుంటుంది. ఏసీలు పెట్టించుకుంటాం" అన్నాడాయన. అప్పటికి వాళ్లు ఫ్లాటు రెండుసార్లు చూశారు. రెండుసార్లూ ఆదివారం పొద్దున పదీ పదకొండు మధ్య.

అందరూ అప్పుడే చూస్తారు. సెలవు రోజు, టిఫిన్ చేసుకుని, ఎండ ముదరకముందే బయల్దేరతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే వెళ్లాను. ఒకసారి నేను పొద్దున చూసి బాగుందని చెప్పిన ఇంట్లో ఒక కుటుంబం దిగింది. మొదటి ఎండాకాలంలోనే ఆ ఇల్లాలు నెలల పాపను ఎత్తుకుని పుట్టింటికి వెళ్లిపోవాల్సి వచ్చింది, రాత్రి ఒంటిగంట దాటినా గది చల్లబడక. ఆ తండ్రి నాకు ఫోన్ చేసి తిట్టలేదు, "మీరు చూసినప్పుడు ఇలా లేదా సార్?" అని మాత్రం అడిగాడు. అప్పటినుంచి ఎండాకాలంలో ఏ ఇంటినైనా రెండుసార్లు చూస్తున్నాను. పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి.

ఏప్రిల్ 28, ఆదివారం. ఉదయం పదిన్నరకు హాలు సీలింగు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే 34 డిగ్రీలు చూపించింది. ఫ్యాను కింద కూర్చుంటే ఇబ్బందేమీ లేదు. మధ్యాహ్నం రెండింటికి టెర్రస్ మీదికెక్కాను. బయట నీడలో 41, టెర్రస్ సిమెంటు ఉపరితలం 61. రాత్రి ఏడున్నరకు మళ్లీ ఫ్లాటులోకి వెళ్లి అదే హాలు సీలింగు కొలిచాను: 42. అప్పటికి బయట గాలి 35కి దిగిపోయింది. అంటే ఎండ పోయాక కూడా ఇల్లు బయటికంటే వేడిగా ఉంది. కింది ఫ్లాటువాళ్లను అడిగి అదే చోట వాళ్ల సీలింగు కొలిస్తే 36 వచ్చింది. ఒక్క అంతస్తు తేడాకి ఆరు డిగ్రీలు.

కాంక్రీటు స్లాబు ఎండను తాగుతుంది కానీ వెంటనే కిందికి వదలదు. ఐదంగుళాల స్లాబులో ఆ వేడి కిందికి దిగడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా తాగింది సాయంత్రం ఐదు నుంచి రాత్రి దాకా మన నెత్తిన దిగుతుంది. సరిగ్గా మనం ఆఫీసుల నుంచి, పిల్లలు ఆటల నుంచి ఇంటికి చేరే వేళకి. ఏసీ గాలిని చల్లబరుస్తుంది, కానీ 42 డిగ్రీల సీలింగు పైనుంచి సెగ కొడుతూనే ఉంటుంది. అందుకే టాప్ ఫ్లోర్‌లో ఏసీ 24లో పెట్టినా చెమట పట్టినట్టే ఉంటుంది, కంప్రెసర్ ఆగనే ఆగదు. "ఏసీ పెట్టించుకుంటాం" అన్నంత తేలిక కాదు ఈ విషయం.

హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అదే జరుగుతుంది. ఎండాకాలంలో ఇంటికి అసలు శత్రువు గోడ కాదు, కప్పు. గోడల్లో చూసుకోవాల్సింది పడమర గోడ, ఎందుకంటే మూడు దాటాక ఎండ ఏటవాలుగా సూటిగా తగిలేది దానికే.

ఇక్కడ వాస్తు మాట ఎత్తక తప్పదు. ఈ ఫ్లాటు వాళ్లకు నచ్చడానికి ఒక కారణం మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో ఉండటం. వాస్తు మీద నాకు వాదన లేదు, మా ఇంట్లోనూ పడకగది నైరుతిలోనే ఉంది. కానీ నైరుతి గది అంటే ఒక గోడ దక్షిణం, ఒక గోడ పడమర. టాప్ ఫ్లోర్‌లో పైన స్లాబు కూడా. పడమర నుంచీ పైనుంచీ కాగే గది అది. రాత్రి ఏడున్నరకు ఆ పడమర గోడ లోపలివైపు 40 ఉంది. పిల్లలు పడుకోబోయే తూర్పు గది గోడ 35. ఆ రెండు అంకెలు చూపించాక ఆవిడ చాలాసేపు గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

అదే పడమర గోడకు, స్లాబు కింద అంగుళం దూరంలో, అడ్డంగా ఒక పగులు కనిపించింది. గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత గీసినట్టు ఉంది. వాళ్లకు టెన్షన్ పట్టుకుంది: "స్లాబు కుంగుతోందా సార్?" కాదు. ఒక మీటరు కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే మిల్లీమీటరులో వందో వంతు సాగుతుంది. 12 మీటర్ల స్లాబు 25 డిగ్రీలు వేడెక్కితే 3 మిల్లీమీటర్లు. పగలు సాగి, రాత్రి ముడుచుకుని, పదకొండేళ్లుగా అది గోడ మీద అటూ ఇటూ జరుగుతోంది. స్లాబుకీ గోడకీ మధ్య పగలడం దాని ఫలితం. ఇంటికి ప్రమాదం లేదు. అయితే సిమెంటు పూస్తే మరుసటి ఎండాకాలానికి మళ్లీ వస్తుంది. గాడి కొట్టి, సాగే గుణమున్న సీలెంట్ నింపాలి. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు, బీముల మీద పగుళ్లు, తుప్పు చార కనిపించే పగుళ్లు వేరు. అవి కనిపిస్తే నేను బేరం అక్కడే ఆపమంటాను. ఇక్కడ అవేవీ లేవు.

ఎండాకాలం వేడిని బయటపెడుతుంది గానీ చెమ్మను దాచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గోడలన్నీ ఎండి గలగలలాడుతుంటాయి. పైగా అమ్మేవాళ్లు రంగులు వేయించేది కూడా అప్పుడే. ఈ ఫ్లాటుకీ కొత్తగా రంగు వేశారు. అమ్ముతున్న పెద్దాయన మంచివాడు, "వానలకు ఎప్పుడూ కారలేదు బాబూ" అని గట్టిగా చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. మూడేళ్లుగా ఆయన కొడుకు దగ్గర వేరే ఊళ్లో ఉంటున్నాడు.

రంగు వేసేవాళ్లు లాఫ్టు లోపలికి వెళ్లరు. నేను ముందు అక్కడే చూస్తాను. కామన్ బాత్‌రూమ్ ముందున్న లాఫ్టులో పాత సూట్‌కేసులు జరిపి టార్చి వేస్తే, స్లాబు మూలలో తెల్లటి ఉప్పు పొడి పొంగి ఉంది. వేలితో తాకితే రాలింది. రూపాయి బిళ్లతో కొడితే అరచేతి మేర డొల్ల శబ్దం వచ్చింది. సరిగ్గా దాని పైన, టెర్రస్ మీద, వాన నీళ్లు దిగే గొట్టం మూతి ఉంది.

ఉప్పు ఉందంటే ఎప్పుడో నీళ్లు దిగాయని అర్థం. ఇప్పటికీ దిగుతున్నాయా అన్నది తేల్చాలంటే నీళ్లు నిలబెట్టి చూడాలి. ఆ చోట నాలుగు వైపులా ఇటుక గట్టు కట్టి, పది అడుగులకు పది అడుగులు, రెండంగుళాల నీళ్లు, 48 గంటలు. సుమారు 470 లీటర్లు పడుతుంది. మామూలు రోజుల్లో ఇది పెద్ద విషయం కాదు. కానీ ఆ వారం బిల్డింగుకు రోజూ ట్యాంకర్లు వస్తున్నాయి. అసోసియేషన్ వాళ్లు "తాగడానికే లేవు, టెర్రస్ మీద పోస్తారా?" అన్నారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. చివరికి కొనేవాళ్లే సొంత డబ్బుతో నీళ్లు తెప్పించారు. మే 1 సాయంత్రం పోశాం. 3వ తేదీ సాయంత్రానికి లాఫ్టులో ఉప్పు ఉన్న చోటు నల్లబడింది. థర్మామీటరులో ఆ ముక్క చుట్టుపక్కల కంటే మూడు డిగ్రీలు చల్లగా కనిపించింది. తడి ఉన్నచోటే అలా ఉంటుంది.

అసోసియేషన్‌లో ఒకరిద్దరు ఒప్పుకోలేదు, అంత నీళ్లు నిలబెడితే ఏ స్లాబైనా కారుతుందని వాదించారు. నిజానికి మంచి స్లాబు కారదు. నాలుగు రోజులకే, మే 7 సాయంత్రం, హైదరాబాద్‌లో ఒక్కసారిగా పెద్ద వాన పడింది. రాత్రి తొమ్మిదింటికి అసోసియేషన్ సెక్రటరీయే లాఫ్టు ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశాడు.

ఇక నీళ్ల సంగతి. ఫ్లాట్లు ఇరవై, మనుషులు దాదాపు 80. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో లెక్కకు తీసుకునే ప్రమాణం. దాని ప్రకారం రోజుకు 10,800 లీటర్లు కావాలి. హైదరాబాద్‌లో అందరూ మంజీరా నీళ్లంటారు గానీ చాలా చోట్లకు వచ్చేది కృష్ణా, గోదావరి నీళ్లు. అవి ఇక్కడ రోజు విడిచి రోజు వస్తాయి. మిగతాది బోరు. బోరు గురించి ఎవరి మాటా నమ్మకుండా నేను ఒకటి చేస్తాను: మోటారు వేయించి, వాచీ పట్టుకుని నిలబడతాను. పన్నెండో నిమిషానికి ధార తెగి బుసబుసమంది. "గాలి కొడుతుంది సార్. గంటాపితే మళ్ల పది నిమిషాలు పోస్తది" అన్నాడు వాచ్‌మన్. అమ్మేవాళ్లు చెప్పని మాట, అసోసియేషన్ మినిట్స్‌లో రాయని మాట, చాలాసార్లు వాచ్‌మన్ దగ్గర దొరుకుతుంది. అతని దగ్గరే ట్యాంకర్ల పుస్తకం కూడా ఉంది. మార్చి 10 నుంచి లెక్క రాసి ఉంది: మొదట్లో రెండు రోజులకొకటి, ఏప్రిల్ మూడో వారానికి రోజుకు రెండు, ఒక్కోటి 5,000 లీటర్లు. మెయింటెనెన్స్ నెలకు 2,000 అని వాళ్లకు చెప్పారు. ఎండాకాలంలో నీళ్ల కోసం పైన మరో 1,500 దాకా పడుతోందని ఆ పుస్తకం చూశాకే తెలిసింది. ఇల్లు కొనే ముందు ఆ పుస్తకం అడిగి చూడండి. ఇవ్వబోమని అంటే మీకు జవాబు దొరికినట్టే.

కరెంటు దగ్గర నేను భయపడిన విషయం ఒకటుంది. మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఏసీ పాయింటు సాకెట్టు చుట్టూ గోధుమరంగులో కమిలింది. బోర్డు తెరిచి చూస్తే వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, దానికి పెట్టిన ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) 32 ఆంప్స్‌ది. ఎప్పుడో 20 ఆంప్స్‌ది ఉండేది, ఎండాకాలంలో మాటిమాటికీ పడిపోతుంటే ఎవరో ఎలక్ట్రీషియన్‌ చేత పెద్దది వేయించుకున్నారు. ఎంసీబీ పడిపోతోందంటే వైరు మోయలేకపోతున్నానని చెబుతోందన్నమాట. దాన్ని పెద్దది చేస్తే ఆ మాట వినిపించకుండా పోతుంది, కాలేది గోడలోని వైరు. ఏసీల సీజన్‌లో ఇళ్లలో అంటుకునే మంటలకు ఇలాంటి పనులే దారి తీస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా ఇలా మార్చి ఉంటే ఈ వారంలోనే చూపించుకోండి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కొత్తగా లాగించి, 20 ఆంప్స్ ఎంసీబీ పెట్టమని రిపోర్టులో మొదటి వరుసలోనే రాశాను. అనుమతించిన లోడు రెండు కిలోవాట్లే. రెండు ఏసీలు, మోటారు, ఫ్రిజ్ కలిస్తే ఐదుకు తక్కువ కాదు. రాత్రి తొమ్మిదింటికి వోల్టేజీ 196 ఉంది. 230కి ఆరు శాతం తగ్గితే, అంటే 216 దాకా, సరేననుకోవచ్చు. ఇంత తక్కువెందుకని ఆరా తీస్తే పై రెండు అంతస్తుల ఫ్లాట్లన్నీ ఒకే ఫేజు (కరెంటు లైను) మీద ఉన్నాయి.

రిపోర్టు చదివి వాళ్లు వద్దనుకుంటారేమో అనుకున్నాను. రెండు రోజులు ఆలోచించి మళ్లీ ఫోన్ చేశారు. పిల్లల స్కూలు దగ్గర, అప్పు వాళ్లకు అందే పరిధిలో ఉంది, కట్టడం గట్టిది. నేను కూడా కొనొద్దని చెప్పలేదు, 61కి కొనొద్దన్నాను. కొత్త ఫ్లాటయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనమైన ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఇది పదకొండేళ్లది, ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి మరమ్మతు ఖర్చు ధరలోంచే రావాలి. పెద్దాయన రిపోర్టు మొత్తం కళ్లజోడు పెట్టుకుని చదివి, 58 లక్షల 75 వేలకు ఒప్పుకున్నాడు.

టెర్రస్ ఎవరిదన్న ప్రశ్న తర్వాత వచ్చింది. అది అందరి ఉమ్మడి ఆస్తి. పై ఫ్లాటువాళ్లు సొంతంగా ఏదీ పూయడానికి వీల్లేదు, అలాగని కారితే ఆ ఖర్చంతా వాళ్ల మీదే వేయడమూ న్యాయం కాదు. మే 7 వాన పుణ్యమా అని మాటలు తొందరగా కుదిరాయి. గొట్టం మూతుల దగ్గర పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయడం అసోసియేషన్ ఖర్చు. వాళ్ల ఫ్లాటు పైన 1,400 చదరపు అడుగులకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత కొనేవాళ్ల ఖర్చు, దానికి రాతపూర్వక అనుమతి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చిన సంగతి సెక్రటరీకి తెలుసు, అది కూడా పనికొచ్చింది.

పని మే నెలాఖరుకు, రోహిణి కార్తెలో జరిగింది. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ ఎండే ఈ పనికి కావాలి. స్లాబు లోపలి తడి పూర్తిగా ఆరకుండా పూత వేస్తే బుడగలొచ్చి లేచిపోతుంది. అలాగని మధ్యాహ్నం 60 డిగ్రీల సిమెంటు మీద పూస్తే పట్టకముందే ఎండి పొట్టు కడుతుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే పూయించాం. మేస్త్రీ మధ్యాహ్నం కూడా చేసేస్తామన్నాడు, రోజు కూలీ పోతుందని. అరపూట పనికి పూర్తి కూలీ ఇచ్చేలా ముందే మాట్లాడుకుని ఉండాల్సింది, అది ఆ రోజు కుదిర్చాం. ఆ ఎండలో టెర్రస్ మీద మనిషిని నిలబెట్టకూడదు.

మాది అనంతపురం వైపు. మా తాత ఇల్లు మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్తగా చౌడు పోసి చదును చేసేవాళ్లు, నీళ్లు దిగకుండా. మందమైన ఆ మట్టి వల్ల మే నెలలో కూడా మధ్యాహ్నం లోపల నిద్ర పట్టేది. ఏడాదికోసారి ఇంటిపైకెక్కి చూసుకునే అలవాటు కాంక్రీటు వచ్చాక పోయింది. ఈ బిల్డింగులో ఉన్నవాళ్లలో సగం మంది పదకొండేళ్లలో టెర్రస్ మీదికి ఎక్కింది డిష్ పెట్టించుకోవడానికే.

పడమర కిటికీకి లోపల పరదా కాకుండా బయట వెదురు తడిక కట్టించాం. అద్దం దాటి లోపలికొచ్చిన వేడిని పరదా ఆపలేదు. ఆ ఏడాది వానల ముందే టెర్రస్ వాన గొట్టాలను బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతకు మళ్లించారు. 5,000 చదరపు అడుగుల టెర్రస్ మీద, హైదరాబాద్‌లో ఏడాదికి పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో కొంత వృథా పోగా, మూడు లక్షల లీటర్ల దాకా భూమిలోకి దిగే అవకాశం ఉంది. అంటే 60 ట్యాంకర్ల నీళ్లు. ఇన్నాళ్లూ అవి రోడ్డు మీదికి పోయాయి.

2025 ఏప్రిల్ చివరి వారంలో మళ్లీ వెళ్లాను. బయట అదే 41. మధ్యాహ్నం టెర్రస్ మీద తెల్లపూత ఉన్నచోట 45, పక్క ఫ్లాటు పైన పూత లేనిచోట 60. రాత్రి ఏడున్నరకు హాలు సీలింగు 37. నైరుతి గది మాత్రం ఇంకా ఇబ్బందే, పడమర గోడ 38 ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నలుగురూ తూర్పు గదిలో, హాల్లో పడుకుంటున్నారు. లాఫ్టు మూల పొడిగా ఉంది. ట్యాంకర్లు ఆగిపోలేదు, కానీ మొదటిది ఏప్రిల్ 6న వచ్చింది. ముందేడు మార్చి 10నే వచ్చింది. అందులో గుంత వాటా ఎంతో, ఆ ఏడాది బాగా పడ్డ వానల వాటా ఎంతో విడదీయలేం.

నేను కొలుస్తుంటే వాళ్ల పెద్దమ్మాయి థర్మామీటరు అడిగి తీసుకుంది. సీలింగు, గోడ, ఫ్రిజ్, తమ్ముడి నుదురు అన్నీ కొలిచి, చివరికి వంటింటి కుళాయి తిప్పి ధార కింద పెట్టింది. "అంకుల్, నీళ్లు 44!" అంది. రాత్రి ఎనిమిదైంది. పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎండలోనే ఉంది. నా మొదటి రిపోర్టులో అది లేదు, నేనే రాయడం మర్చిపోయాను. మరుసటి ఆదివారం సెక్రటరీతో మాట్లాడి ట్యాంకుల మీద రేకుల పందిరి వేయించారు. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 26కే తెలంగాణలోకి వచ్చేశాయి. పందిరి అంతకు రెండు వారాల ముందే పూర్తయింది.